ఇక మా షాపులో సిమెంటు రేకులు దొరకవు

నెల రోజులుగా సిమెంటు రేకులు అడిగినవాళ్లందరికీ స్టాకు లేదని చెప్తున్నాం. నిజానికి తెప్పించడమే మానేశాం. కోరుట్ల నుంచి ట్రాలీ మాట్లాడుకుని వచ్చినవాళ్లు కూడా ఉత్త చేతులతో వెనక్కి పోయారు. కారణం ముందే చెప్పకపోవడం నా తప్పు, క్షమించండి.

మా నాన్న కాలం నుంచి మా దగ్గర రేకులు కోసే పెద్దాయన మీలో చాలామందికి తెలుసు. మీరు కొలత చెప్పడమే ఆలస్యం, షాపు ముందే గ్రైండర్ పెట్టి కోసిచ్చేవాడు. సాయంత్రానికి ఆయన కనుబొమలు కూడా తెల్లబడేవి. తువ్వాలతో ఒళ్లు దులుపుకుని ఇంటికి పోయేవాడు. రెండేళ్లుగా పొడిదగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బీడీల వల్లే అనుకుని సిరప్పులు తాగించాం. ఈ ఎండాకాలం ఊపిరితిత్తుల డాక్టరు స్కాన్ చూసి, "ఏం పని చేస్తావు?" అని అడిగారు. జబ్బు పేరు ఆస్బెస్టోసిస్.

మనం సిమెంటు రేకు అంటాం గానీ అందులో ఆస్బెస్టాస్ అనే రాతి నార కలుస్తుంది. సిమెంటు పగలకుండా పట్టి ఉంచేది అదే. గ్రైండర్ పెడితే ఆ నార కంటికి కనపడనంత సన్నటి పోగులుగా గాల్లోకి లేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆగదు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా పోయి అక్కడే ఉండిపోతుంది. ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని మింగాలని చూస్తాయి, అరిగించలేవు. చుట్టూ వాపు వచ్చి మచ్చ కడుతుంది. ఏళ్ల తరబడి మచ్చలు పెరిగి ఊపిరితిత్తి గట్టిపడి, సాగడం మానేస్తుంది. ఆ మచ్చలను పోగొట్టే మందు లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటిపై పొరకు వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్ కూడా దీనివల్ల వస్తాయి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా ఎన్నో రెట్లు.

పీల్చిన దుమ్ము పదేళ్లకో, ముప్పై నలభై ఏళ్లకో జబ్బుగా బయటపడుతుంది. అందుకే సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఉంచాలని చెప్పింది. మా షాపులో రికార్డు మాట అటుంచండి, ఎవరు ఎన్నేళ్లు కోశారో రాసిన కాగితం కూడా లేదు. ఆ బాధ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మొదట కోయడం ఒక్కటే ఆపుదామనుకున్నాం. కానీ ఇక్కడ కోయకపోతే మీ మేస్త్రి మీ వాకిట్లో, మీ పిల్లల మధ్య కోస్తాడు. అందుకే అమ్మకమే ఆపేశాం. మన దేశంలో ఈ రేకులు అమ్మడం నేరం కాదు, అమ్మేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఇకపై మా దగ్గర రంగు ఇనుప రేకులు, ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు ఉంటాయి. ధర ఎక్కువే. ఇనుప రేకు కింద వేడి, వాన చప్పుడు కూడా ఎక్కువే.

ఇప్పటికే ఇంటిమీద పాత రేకులున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. పగలని రేకును కదపకుండా వదిలేస్తే దుమ్ము పెద్దగా రాదు. బ్రష్షుతో గీకి రంగు వేయొద్దు, కొత్తగా బెజ్జాలు పెట్టొద్దు. తీయాల్సి వస్తే బాగా తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించండి. పగిలిన ముక్కలను నలగ్గొట్టి వాకిట్లో పోయకండి.

పెద్దాయన వైద్యం ఖర్చు మేమే పెట్టుకుంటున్నాం. ఆయనతో కలిసి కోసిన మరో ముగ్గురు ఎప్పుడో పని మానేశారు. ఒకరు దుబాయ్ వెళ్లారని విన్నాం, మిగతా ఇద్దరి జాడ తెలియదు. వాళ్లెక్కడున్నారో మీకు తెలిస్తే షాపుకొచ్చి చెప్పండి. డాక్టరు ఫీజు, స్కాన్ ఖర్చు మాదే.