పేరు దాచమని అడిగిన ఇంజినీరు

సంపాదకుల వారికి,

2002లో సత్యేంద్ర దూబే అనే యువ ఇంజినీరు స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లోని అక్రమాలను వివరిస్తూ ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు. ఆ లేఖ పేరుతో సహా కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ దొంగల పనేనని సీబీఐ తేల్చింది, ముగ్గురికి శిక్ష కూడా పడింది. సరే, పేరు బయటపెట్టిన తప్పు మాటేమిటి?

అక్రమాలను బయటపెట్టేవారి రక్షణకు 2014లో చట్టం చేశారు. పదేళ్లు దాటినా అది అమలుకు నోచుకోలేదు. అమలైనా, పేరు చెప్పని ఫిర్యాదును అది పట్టించుకోదు!

ఇలాంటి దేశంలో భయపడే ఉద్యోగికి మిగిలింది ఎన్‌క్రిప్షన్ ఉన్న సందేశమే. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని ఏర్పాటు అది. 2021 ఐటీ నిబంధనలేమో సందేశాన్ని మొదట పంపినవారెవరో కంపెనీ చెప్పాలంటున్నాయి. నిబంధనల్లో జాబితా వేసిన తీవ్ర నేరాలకే అంటున్నారు. పిల్లలపై అఘాయిత్యాల విషయంలో ఆ వాదనను నేను తేలిగ్గా తీసేయను. కానీ ఆ జాబితాలోని ‘ప్రజాశాంతి’ అన్న మాట ఎంత లాగితే అంత సాగుతుంది. నేరస్తుడి కోసం తీసిన తలుపు ఫిర్యాదుదారు దగ్గర మూసుకోదు కదా.

చెప్పేవారికీ హద్దుంది. కాంట్రాక్టరు దొంగ బిల్లులు బయటపెట్టవచ్చు, అతని భార్య వైద్య నివేదికలు కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది ఆమెకు కూడా.

– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం