ఆ సారం తాగింది ఎలుకలని కూడా రాయండి

సంపాదకుడు గారికి,

‘ఈ ఆకుతో అల్సర్‌కు చెక్’ తరహా శీర్షికలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. ఓసారి మునగాకు, ఓసారి జామాకు, ఇంకోసారి తమలపాకు. ఫలానా కళాశాలలో పరిశోధన చేశారని, ఆకు సారం కడుపును పుండ్ల నుంచి కాపాడిందని వార్త. అందులో అబద్ధమేమీ ఉండదు. కానీ ఆ సారం తాగినవి ఎలుకలన్న సంగతి చాలాసార్లు ఉండనే ఉండదు, ఉన్నా ఆఖరి వాక్యంలో ఉంటుంది. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ పాఠం చెప్పేదాన్ని కనుక ఈ లోటు నన్ను బాధిస్తోంది.

ఈ ప్రయోగాలు ఎక్కువగా జరిగే తీరు ఇది. ఆకును నీడన ఆరబెట్టి, పొడి చేసి, మిథనాల్‌తోనో ఇథనాల్‌తోనో సారం తీస్తారు. ద్రావకం ఆవిరయ్యాక మిగిలిన ముద్దను ఎలుకకు కిలో బరువుకు 200, 400 మిల్లీగ్రాముల చొప్పున పట్టిస్తారు. తర్వాత ఆల్కహాల్ గానీ, ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు గానీ ఇచ్చి కడుపులో పుండ్లు పుట్టిస్తారు. సారం ముందుగా పడిన ఎలుకలో పుండ్లు తక్కువగా కనిపిస్తే ఆ మొక్కకు రక్షణ గుణం ఉందంటారు. అంటే అది పుండు రాకముందు ఇచ్చిన మందు. వార్త చదివి పరగడుపున పసరు తాగేవారికి పుండు అప్పటికే ఉంటుంది.

మనుషుల్లో పుండ్లకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో దాన్ని పెంచి చూపారు, 2005లో నోబెల్ అందుకున్నారు. పైన చెప్పిన ఎలుకల ప్రయోగంలో ఆ బాక్టీరియా ఊసే లేదు. రెండో కారణం నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మింగుతూ, కడుపులో మంటకు ఆకు పసరు తాగే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో!

మోతాదు సంగతీ చూడండి. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములంటే, ప్రయోగశాలల్లో వాడే లెక్క ప్రకారం (అది నేరుగా బరువుతో కాక, ఒంటి ఉపరితల వైశాల్యాన్ని బట్టి వేసే లెక్క) 60 కిలోల మనిషికి దాదాపు 4 గ్రాముల సారం. ఎండాకులో పదో వంతు సారంగా దిగుతుందనుకున్నా రోజుకు 40 గ్రాముల ఎండాకు కావాలి. గుప్పెడు పచ్చి ఆకులు నూరి పిండిన రసం దానికి సాటి కాదు.

1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టంలో, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టిక ఉంది. జీర్ణకోశపు పుండ్లు అందులో ఉన్నాయి. అంటే ఒక కంపెనీ తన పొడి డబ్బాతో అల్సర్ తగ్గుతుందని మీ పత్రికలో ప్రకటన వేయిస్తే అది నేరం. అదే మాట వార్తగా వస్తే అడ్డే లేదు. ఆ వార్తను ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పుతూ పొడులు అమ్ముకునేవారికి మీ పత్రిక పేరే పూచీ అవుతోంది.

ఆకుల్లో మందు లేదని నేననను. థాయిలాండ్‌లో పెరిగే ప్లావ్ నోయ్ చెట్టు ఆకుల నుంచి తీసిన ప్లౌనోటాల్‌ను జపాన్‌లో కడుపు పుండ్లకు మందుగా అమ్మారు. కోల్‌కతా శాస్త్రవేత్తలు వేప బెరడు సారాన్ని కొద్దిమంది రోగులకు 10 వారాలు ఇచ్చి, చిన్నపేగు మొదట్లోని పుండ్లు మానడం చూసి 2004లో ప్రచురించారు. రోజుకు రెండుసార్లు 30 నుంచి 60 మిల్లీగ్రాములు, అంతే. మన ఎం.ఫార్మసీ విద్యార్థులు కష్టపడి చేసిన పని ఎలుకల దగ్గర ఆగకుండా ఇలా మనిషి దాకా వెళ్లాలి. అందుకు ఆయుర్వేద వైద్యులూ, ఉదరకోశ నిపుణులూ కలిసి చేసే పరీక్షలకు ఆయుష్ శాఖ డబ్బివ్వాలి. దాన్ని అడుగుతూ మీరు సంపాదకీయం రాస్తే ఆ పిల్లలకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఈలోగా ఇలాంటి వార్త వేసేటప్పుడు ‘ఎలుకల్లో’ అన్న మాట శీర్షికలోనే పెట్టండి. సారం ఎలా తీశారో, పుండుకు ముందు ఇచ్చారో తర్వాత ఇచ్చారో పరిశోధకులను అడిగి రాయండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటిది గానీ పడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలనీ, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీ పరీక్షను వాయిదా వేయకూడదనీ ఆ వార్త కిందే వేయండి.

— ఫార్మకాలజీ అధ్యాపకురాలు, గుంటూరు