ఐదు చుట్టూ సున్నాలు

సంపాదకుల వారికి,

నమస్కారం. పిల్లల కోసం నడిచే సాయంత్రం సెంటర్ల గురించి, ఫుట్‌బాల్ శిక్షణల గురించి మీ విశాఖ పేజీల్లో తరచూ చదువుతుంటాను. వార్త చివర ‘పిల్లల్లో గణనీయమైన మార్పు’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఆ మార్పును ఎలా కొలుస్తారో దగ్గరుండి చూశాను కాబట్టి ఈ ఉత్తరం.

సర్కారు బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. జాలారిపేటలో ఒక సెంటర్లో సాయంత్రాలు పాఠాలు చెబుతున్నాను. రెండేళ్ల కిందట అక్కడికి సర్వేవాళ్లు వచ్చారు. మొత్తం 32 ప్రశ్నలు. ‘ఈ కార్యక్రమం వల్ల మీ ఆత్మవిశ్వాసం ఏ మేరకు పెరిగింది? 1 నుంచి 5 లోపు ఒక అంకెకు సున్నా చుట్టండి.’ ఆరో తరగతి పిల్లాడొకడు నా చెవిలో ‘టీచర్, ఐదంటే ఫస్టా లాస్టా?’ అన్నాడు. ఫస్టే అన్నాను. అంతే, గదంతా ఐదులే. అయినా నేను పక్కనే నిలబడి ఉంటే ఏ పిల్ల రెండుకి చుడుతుంది? బుల్లి పిల్లలకు నవ్వు మొహం, ఏడుపు మొహం బొమ్మలిచ్చారు. వాళ్లు నవ్వు మొహానికి రంగులు కూడా వేశారు, బొమ్మ బాగుందని.

ఆ సర్వే రిపోర్టులో ఇంకో వింత. మార్చి కంటే మేలో హాజరు బాగా పెరిగిందట, అదంతా ప్రాజెక్టు చలవేనట. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి, హార్బర్‌లో తట్టలు మోసే కుర్రాళ్లకు పనుండదు. బడికీ సెలవులే. పైగా మా సెంటర్లో ఫ్యానుంది. వేట మొదలైన వారానికే బల్లలు మళ్లీ ఖాళీ. ఏ పిల్లాణ్ని అడిగినా ఈ సంగతి చెప్పేవాడు.

ఆ తర్వాత మేమే ఒక పని చేశాం. బంతి, పుస్తకం, కంప్యూటర్, డ్యాన్సు బొమ్మలతో నాలుగు కొబ్బరి చిప్పలు పెట్టి, తలా పది చింతపిక్కలు ఇచ్చాం. నచ్చినదాంట్లో ఎక్కువ వెయ్యాలి. మొదటిసారి అందరి ముందూ వేయించి తప్పు చేశాం. కాస్త గట్టి కుర్రాడొకడు పదీ బంతి చిప్పలో పోశాడు, వెనకున్నవాళ్లంతా వాడి దారే. రెండోసారి పాత చీర అడ్డం కట్టి, ఒక్కొక్కరినే లోపలికి పంపాం. ఆడపిల్లలకిచ్చిన చింతపిక్కలకు సున్నం చుక్కలు పెట్టాం. కంప్యూటర్ చిప్పలో చుక్క పిక్కలు ఏడంటే ఏడే!

ఎందుకమ్మా అంటే నోరు విప్పరు. ఇంటి నుంచి సెంటర్‌కి దారి నేల మీద గీసి, భయం వేసే చోట ఎర్ర సుద్ద పెట్టమన్నాం. కొళాయి దాటాక వచ్చే మలుపు ఎర్రగా అయిపోయింది. రాత్రి ఏడింటికి కంప్యూటర్ క్లాసు వదిలేసరికి అక్కడ వీధి దీపం వెలగదు, అరుగు మీద మగాళ్లు మందు తాగుతూ కూర్చుంటారు. క్లాసును ఐదింటికి మార్చాం. దీపం మాత్రం ఇంకా వెలగలేదు.

సామాజిక బాధ్యత కింద ఏటా సగటున 10 కోట్లు, ఆపైన ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టుల ప్రభావాన్ని బయటి సంస్థతో అంచనా వేయించాలని 2021లో నిబంధన వచ్చింది. మంచిదే. కానీ మన దేశం 1992లో ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 12వ అధికరణంలో చెబుతోంది. వినడమంటే సున్నాలు చుట్టించడమేనా? మధ్యలో మానేసిన పిల్లల ఇళ్లకు కూడా వెళ్లాలి, అసలు సంగతులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఇష్టం లేకపోతే జవాబు చెప్పక్కర్లేదని ముందే చెప్పాలి. రిపోర్టు తయారయ్యాక తెలుగులో వాళ్లకు చదివి వినిపించాలి.

మా పిల్లలకు ఆ రిపోర్టు ఎవరూ చూపించలేదు. అప్పటి ఆరో తరగతి వాడు ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు. ‘టీచర్, ఆ పరీక్ష మార్కులు ఇంకా రాలేదా?’ అని మొన్న కూడా అడిగాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
విశాఖపట్నం