మా అక్క ఎట్లా చనిపోయిందో నాకింకా తెలియదు: డీజీపీ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ డీజీపీ గారికి నమస్కారం.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె ఆడబిడ్డను. ఊరి పేరు, మండలం పేరు, మా ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. మొన్న కార్తీక మాసంలో ఒక పొద్దుగాల, వాకిలి ఊడ్చి అలుకు చల్లి ముగ్గు వేసే టైంలో, మా అక్క తన ఇంటి ముంగటే డీసీఎం వ్యాను వెనక చక్రం కింద పడి చనిపోయింది. బండి నడిపింది మా బావ. బత్తాయి లోడుకు పోవాలని చీకటితోనే బండి తీశాడు, వెనక్కి తెస్తున్నప్పుడు ఆమె వెనక ఉందని చూసుకోలేదు అని ఆయన చెబుతున్నాడు. అది నిజమా కాదా తేల్చాల్సింది మీ పోలీసులు. నలభై రోజులు దాటింది, నాకైతే తెలియదు. మా చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఎవరికి వాళ్లు తేల్చేసుకున్నారు.

కొందరు చంపేశాడు అంటున్నారు. కొందరు ఆమే పోయి చక్రం కింద పడ్డది అంటున్నారు. ఇంకొందరు మా అక్క నడత గురించి మాట్లాడుతున్నారు, పదమూడేళ్లు కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని కని, చిట్టీ పైసలతో ఇంటి మీద రేకులు వేయించుకున్న మనిషి గురించి, ఆమెను ఒక్కసారి కూడా చూడని వాళ్లు. ఆ మాటలు చదివి మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సార్, ముందే ఒక మాట చెప్పాలి. నేను మా బావను వెనకేసుకురావడానికి ఈ లేఖ రాయడం లేదు. నాకు అనుమానం ఉంది. రెండు సంగతులు నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు, ఆ రెండూ కాగితం మీద రాసి దర్యాప్తు చేస్తున్న అధికారికి ఇచ్చాను, ఇక్కడ రాయను. ఆయన చంపి ఉంటే శిక్ష పడాలి, గట్టిగా పడాలి. చంపకపోతే, మా అక్క పిల్లలిద్దరికీ మిగిలింది ఆ తండ్రి ఒక్కడే. ఈ రెండింటిలో ఏది నిజమో కోర్టులో నిలబడేటట్టు తేలాలంటే జరగాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి సగం మా వాకిట్లోనే పాడైపోయాయి, మిగతా సగం ఫోన్లలో పాడైపోతున్నాయి. అందుకే రాస్తున్నాను.

ఆ పొద్దున సంగతే చెబుతాను. మేం పోయేసరికి వాకిట్లో వంద మంది ఉన్నారు. మా అక్క ఆ రోజు ముగ్గు సగమే వేసింది. ఆ ముగ్గు ఎక్కడ ఆగిపోయిందో చూస్తే ఆమె ఎక్కడ నిలబడిందో తెలిసేది, ముగ్గు గిన్నె ఎటు పడిందో చూస్తే ఎటు తిరిగి ఉందో తెలిసేది. మధ్యాహ్నం క్లూస్ టీం వచ్చేసరికి అక్కడ ముగ్గు లేదు, తెల్లటి బురద ఉంది. తొక్కింది బయటివాళ్లు కాదు, మా చుట్టాలే, మా కులపోళ్లే, ఏడుస్తూ తొక్కినవాళ్లు కొందరు, వీడియో తీస్తూ తొక్కినవాళ్లు కొందరు. మొదట వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లు మంచివాళ్లే, జనాన్ని ఆపలేకపోయారు. ఇంటి దగ్గర బండి కింద పడి మనిషి చనిపోతే దాన్ని ముందుగా యాక్సిడెంట్ అనే చూస్తారు, తాడు కట్టి జాగను కాపాడాలని ఎవరికీ తోచదు. దర్యాప్తు ఎట్లా చేయాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 176వ సెక్షన్ ప్రకారం 7 ఏళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటన జరిగిన చోటికి రావాలి, దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు 5 ఏళ్ల గడువు ఉంది. మా అక్క కేసు బీఎన్‌ఎస్ 106వ సెక్షన్ కింద కట్టారు, అది ఏ నేరానికి ఏ శిక్షో చెప్పే ఇంకో కొత్త చట్టం. నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం, 5 ఏళ్ల వరకు శిక్ష. అంటే మొదటి గంటలో వేసిన అంకెను బట్టి ఆ రూల్ మా వాకిలి దాకా రానేరాదు. తర్వాత అది 103, అంటే హత్య అని తేలితే ఆ ముగ్గును ఎక్కడినుంచి తెస్తారు సార్?

బండి సంగతి కూడా అంతే. డీసీఎంను తీసుకెళ్లి స్టేషన్ ఆవరణలో పెట్టారు, పైన పట్టా లేదు. రెండు వానలు పడ్డాయి. బ్రేకులు చూడాల్సిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) తొమ్మిదో రోజున వచ్చాడు.

ఇక జనం మాటలు ఎక్కడినుంచి పుట్టాయో చెబుతాను, ఎందుకంటే అన్నీ గాలిలోంచి పుట్టలేదు. ముందు రోజు రాత్రి గొడవైన మాట నిజం. చిట్టీ కిస్తు గురించి. అది మేమే పోలీసులకు చెప్పాం. బండి వెనక్కి వచ్చేటప్పుడు హారన్ మోగలేదన్నదీ నిజమే. కానీ ఆ రివర్స్ హారన్ దసరా ముందు నుంచే పనిచేయడం లేదు, బాగు చేయించమని మా అక్కే పది సార్లు పోరు పెట్టింది. ఒక ఛానల్‌లో మాత్రం 'హారన్ వైరు కోసేశాడు' అని చెప్పారు. వైరు తెగిందా, కోశారా, పాడైందా అన్నది ఎంవీఐ రిపోర్టులో ఉండాలి, ఆ రిపోర్టు ఇంకా మాకెవరికీ తెలియదు, ఛానల్ వాళ్లకు ఎట్లా తెలిసింది? మా అక్క పేరు మీద ముప్పై గుంటల భూమి ఉంది, కాబట్టి రైతు బీమా 5 లక్షల కోసమే చంపాడు అని ఇంకొకరు. 2018 నుంచి ఉన్న పథకం అది, 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారు ఎట్లా చనిపోయినా నామినీకి వస్తుంది. మా అక్క కాగితంలో నామినీ మా అమ్మ. ఒక్కరు, ఒక్క ఫోన్ చేసి అడిగినా చెప్పేవాళ్లం.

అన్నింటికంటే నష్టం చేసింది సీసీ కెమెరా క్లిప్. మా అక్క ఇంటి ఎదురుగా కిరాణం కొట్టు ఉంది, దాని కెమెరాకు గేటు సగం కనబడుతుంది. రెండో రోజు సాయంత్రం పోలీసులు డీవీఆర్, అంటే కెమెరా రికార్డింగు ఉండే డబ్బా, తీసుకుపోయారు. మూడో రోజు పొద్దున ఆ ఫుటేజీ, పద్నాలుగు సెకన్లు, ఎర్రటి గుండ్రం గీసి, పాట పెట్టి, అన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. కొట్టు ఆయన నేను ఇవ్వలేదంటున్నాడు. ఎవరు ఇచ్చారో నేను అనను, డీవీఆర్ ఎవరెవరి చేతుల్లోంచి పోయిందో రాసిన కాగితం మీ దగ్గర ఉంటుంది, అది చూస్తే మీకు తెలుస్తుంది. ఆ క్లిప్‌లో మా అక్క కనబడదు. బండి వెనక లైటు రెండుసార్లు వెలుగుతుంది, అంతే. 'రెండుసార్లు ఎక్కించాడు' అని కింద రాశారు. నేను ఆ క్లిప్ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఇప్పుడు అసలు బాధ వినండి. పక్కింటి పెద్దమ్మ మొదటి రోజు నాతో ఏమన్నదంటే, 'చప్పుడు ఇని ఉరికొచ్చిన బిడ్డా, అప్పటికే పడి ఉన్నది' అని. పోలీసులకూ అదే చెప్పింది. రెండు వారాల తర్వాత అదే పెద్దమ్మ 'బండి రెండుసార్లు వెనక్కి వచ్చింది, నేను కళ్లారా చూసిన' అంటోంది. ఆమె అబద్ధాల మనిషి కాదు. మొదట భయపడి దాచిందేమో, ఆ ఇంటివాళ్లతో రేపు కూడా పక్కపక్కనే బతకాలి కదా. లేకపోతే మనవడి ఫోన్లో ఆ క్లిప్ చూసీ చూసీ అది తాను చూసినట్టే మనసులో నిలిచిపోయిందేమో. ఏదో ఒకటి. కానీ ఆమె నిజంగానే చూసి ఉంటే, నా అక్కకు న్యాయం జరిపించే సాక్ష్యం అదొక్కటే, దాన్ని రేపు కోర్టులో ఏ వకీలైనా 'వాట్సాప్‌లో చూసి చెబుతున్నావు' అని ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. చంపాడు చంపాడు అని అరిచినవాళ్లే, ఆయన చంపి ఉంటే, ఆయన్ని విడిపించినవాళ్లు అవుతారు. ఈ మాట మా తమ్ముడికి చెప్పడానికి నాకు వారం పట్టింది, వాడూ ఆ క్లిప్‌ను అందరికీ పంపినవాడే.

నేను కూడా ఒప్పుకోవాలి. ఇంతకుముందు వేరే ఊళ్ల ఆడవాళ్ల చావుల మీద ఇట్లాంటి వీడియోలు వస్తే నేనూ గ్రూపుల్లో పెట్టాను, 'పాపం' అని రాసి పెట్టాను. ఆ ఇళ్లలో నాలాంటి చెల్లెలు ఒకతె ఉంటుందని అప్పుడు తోచలేదు.

జనం ఎందుకు ఇట్లా మాట్లాడుతున్నారంటే, సార్, మీరు ఏమీ మాట్లాడటం లేదు కాబట్టి. మా బావకు బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ కింద, పిలిచినప్పుడు రావాలని నోటీసు ఇచ్చి ఇంటికి పంపారు. ఆ సాయంత్రానికే 'పైసలిచ్చి బయటికొచ్చిండు' అన్నారు. 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పిందని, నోటీసు ఇస్తే కేసు కొట్టేసినట్టు కాదని, దర్యాప్తులో వేరే విషయం తేలితే సెక్షన్ మారుస్తారని మాకు ఒక వకీలు చెప్పాడు. ఆ నాలుగు ముక్కలు స్టేషన్ ముంగట నిలబడి తెలుగులో ఎవరైనా పోలీసు అధికారి చెప్పి ఉంటే సగం మంది ఊరుకునేవాళ్లు. మా కడుపుమంటా కొంత తగ్గేది. మేం కూడా మొదట 106 అని చూసి, పోలీసులు అమ్ముడుపోయారనే అనుకున్నాం.

ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, పెడుతున్నారు, మంచిదే. కానీ అందులో ఉన్న అంకెలు మా పల్లెల్లో ఎవరికి అర్థమవుతాయి? పోలీసులు మీడియాకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో రూల్స్ తయారు చేయమని కేంద్ర హోంశాఖకు 2023 సెప్టెంబర్‌లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మా దగ్గర జరుగుతున్నది ఏమిటంటే, చెప్పాల్సింది చెప్పరు, చెప్పకూడనిది ఫోన్లో పోతుంది. కాబట్టి ఇట్లాంటి కేసుల్లో, ఇంటి దగ్గర, ఇంటి బండి కింద, ఇంటి మనిషి పోయిన కేసుల్లో, పదిహేను రోజులకొకసారి ఒక్క పేజీ కాగితం ఇప్పించండి. పేర్లు వద్దు. ఏ సెక్షన్, దాని అర్థం ఏంది, పోస్టుమార్టం అయిందా, విసెరా, అంటే పోస్టుమార్టంలో తీసిన లోపలి భాగాలు, హైదరాబాద్ ఫోరెన్సిక్ ల్యాబ్ ఎఫ్ఎస్ఎల్‌కు పోయిందా, బండిని చూశారా, ఇంతే. సాక్షుల మాటలు అందులో వద్దే వద్దు. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదు చేసినవాళ్లకు చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్‌లో ఉంది, ఆ 90వ రోజు దాకా మా అమ్మను కాచుకొని కూర్చోమంటే ఎట్లా?

పెద్దమ్మ వాంగ్మూలం మేజిస్ట్రేట్ ముందు అదే చట్టం 183వ సెక్షన్ కింద తొందరగా రాయించమని అడిగాను, మళ్లీ అడుగుతున్నాను. మొదటి మాట, రెండో మాట, మధ్యలో ఏం చూసిందో కూడా అడిగి రాయాలి. మనిషి నిలబడి ఉండగా బండి తగిలితే దెబ్బలు ఒక తీరుగా ఉంటాయి, కింద పడి ఉన్నప్పుడు చక్రం ఎక్కితే ఇంకో తీరుగా ఉంటాయి, బతికుండగా తగిలినవేవో తర్వాత తగిలినవేవో డాక్టర్లు చెప్పగలరు. పోస్టుమార్టం చేసిన డాక్టరును ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగారా? అడగకపోతే ఇప్పుడైనా అడిగించండి.

చివరిది పిల్లవాడి సంగతి. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఆరు. ఇద్దరూ ఇప్పుడు నా దగ్గరే ఉన్నారు. మూడో రోజు పిట్టకు పెట్టి అందరం బాయి కాడి నుంచి వస్తుంటే, ఒక యూట్యూబ్ ఛానల్ అబ్బాయి బాబు మూతి దగ్గర మైకు పెట్టి 'మీ నాన్న మీ అమ్మను రోజూ కొట్టేటోడా?' అని అడిగాడు. బాబు ఏడ్చాడు. ఆ ఏడుపును ముఖం కనబడేటట్టే పెట్టారు, బడి పేరు కూడా రాశారు. నేరానికి సాక్షి అయిన పిల్లల పేరు, ముఖం, బడి బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది, 6 నెలల వరకు జైలు గానీ 2 లక్షల వరకు జరిమానా గానీ రెండూ గానీ ఉన్నాయి. మీవాళ్లు చేసిన మంచి పని కూడా చెప్పాలి. బాబుతో మాట్లాడటానికి స్టేషన్‌కు పిలవలేదు, ఒక మహిళా ఎస్సై మామూలు బట్టల్లో మా ఇంటికే వచ్చి, కింద చాప మీద కూర్చొని, వాడు చెప్పినంతే విని పోయింది. ఆమెకు మా ఇంటిల్లిపాదీ దండం పెడుతున్నాం. ఆ వీడియో మాత్రం ఇంకా ఉంది. ఫిర్యాదు ఇచ్చి ఇరవై రోజులైంది, రసీదు ఉంది, పలుకు లేదు.

వచ్చే సోమవారం నుంచి బాబును మళ్లీ బడికి పంపుతున్నాను. వాడు నిన్న రాత్రి అడిగాడు, 'చిన్నమ్మా, ఆ మేడం నేను చెప్పిందే రాసుకున్నదా, లేకపోతే ఫోన్లో ఉన్నది రాసుకున్నదా?' అని. నువ్వు చెప్పిందే రాసుకున్నది అని చెప్పాను. సోమవారం లోపు ఆ వీడియో తీయించండి సార్.

ఇట్లు,
చనిపోయిన మనిషి చెల్లెలు