వంటింటి కుట్టుపనికి మీ పత్రికలో చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రిక కుటుంబ పేజీలో జాకెట్ల మెడ నమూనాలు, మగ్గం వర్క్, లంగా ఓణీల అలంకరణ గురించి తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. వాటిని చాలామంది కత్తిరించి దాచుకుంటారు. మా వీధిలో కుట్టు నేర్చుకునే పిల్లలకు నేనూ చూపిస్తుంటాను. అయితే ప్రతి ఇంట్లో రోజూ చేతికి తగిలే గుడ్డలు, అంటే వేడి గిన్నె దించే మసిగుడ్డ, రొట్టెల డబ్బాలో పరిచే గుడ్డ, ఊరగాయ జాడీకి కట్టే వాసెన, కూరగాయల సంచి, భోజనాల దగ్గర చేతులు తుడుచుకునే రుమాలు వంటివి ఇంట్లోనే ఎలా కుట్టుకోవాలో మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. వాటికి వారానికి ఒకసారి కొంచెం చోటు కేటాయించమని కోరుతూ, అందుకు నాకున్న కారణాలను ఈ ఉత్తరంలో విన్నవించుకుంటున్నాను.

కుట్టుమిషను కొన్నవారిలో ఎక్కువమంది మొదట జాకెట్టు మీదే చెయ్యి వేస్తారు. జాకెట్టులో డాట్లు (ఒంటి ఆకృతికి సరిపోయేలా వేసే చిన్న మడత కుట్లు), చంక వంపు, చేతి కొలత, హుక్కు పట్టీ అన్నీ ఒకేసారి కుదరాలి. అరంగుళం తేడా వచ్చినా అది ఒంటికి పట్టదు. మొదటి రెండు మూడు జాకెట్లు పాడయ్యేసరికి నిరుత్సాహపడి మిషనుకు ముసుగు వేసేస్తారు, ఆ తర్వాత దాని మీద ఇస్త్రీ బట్టలు చేరతాయి. వంటింటి గుడ్డలకు ఒంటి కొలతలు అక్కర్లేదు, అంగుళం అటూ ఇటూ అయినా పనికి అడ్డం రాదు. అయినా నేర్వవలసినవి అందులోనే ఉన్నాయి. నాలుగు పక్కలా అంచును రెండు మడతలు వేసి కుట్టడంలో సూటిగా కుట్టు నడపడం వస్తుంది. మూల దగ్గరకు రాగానే సూదిని గుడ్డలోనే దించి ఉంచి, గుడ్డను అదిమి పట్టే మిషను పాదం ఎత్తి, గుడ్డను తిప్పి, మళ్ళీ పాదం దించడం అలవాటవుతుంది. గుండ్రటి గుడ్డకు క్రాస్ పట్టీ వేస్తున్నప్పుడు, ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ ఎలా సాగుతుందో, నిలువు పోగు మీద కత్తిరించినది ఎలా బిగుసుకుని ఉంటుందో చేతికే తెలుస్తుంది. ఇంతవరకు వచ్చినవారికి జాకెట్టు మెడకు పట్టీ వేయడం పెద్ద పని కాదు.

గుడ్డ ఎంపిక గురించి కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే చేతులు కాలకుండా ఉండడం దాని మీదే ఆధారపడి ఉంది. దుకాణాల్లో రంగురంగుల బొమ్మలతో అమ్మే వంటింటి చేతి తొడుగుల్లో పాలిస్టరు కలిసినవి కూడా ఉంటాయి. పాలిస్టరు సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. పెద్ద మంట మీద చాలాసేపు ఉన్న ఇనుప పెనం ఆ వేడిని అందుకోగలదు, కరిగిన గుడ్డ చర్మానికి అంటుకుంటే గాయం మరింత లోతవుతుంది. నూలు గుడ్డ కరగదు. నేరుగా మంట తగిలితే నిప్పు అంటుకుంటుంది కనుక దాని కొసలు వేలాడకుండా చూసుకుంటే చాలు. పాత గుడ్డ నూలుదో కాదో తెలియనప్పుడు అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, సింకు దగ్గర కాల్చి చూడవచ్చు: నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టరు పోగు ముడుచుకుపోయి, చల్లారాక గట్టి పూస అయి మిగులుతుంది. టెరికాటన్‌లో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి వేడి తగిలే వస్తువులకు అదీ పనికిరాదు. దారం కూడా నూలు దారమే వాడాలి.

మసిగుడ్డనే ఉదాహరణగా తీసుకుంటాను. చిరిగిన పంచె ముక్కనో, పాత నైటీ ముక్కనో మడతలు పెట్టి గిన్నె దించడం మనకు అలవాటే. ఆ మడతలు చేతిలో జారిపోతాయి, ఒక కొస స్టవ్వు మంట వైపు వేలాడుతుంది. దానికి బదులు 9 అంగుళాల చదరంగా పాత నూలు చీర ముక్కలు నాలుగు, అదే కొలతకు పాత తువ్వాలు ముక్కలు రెండు కత్తిరించుకోవాలి. తువ్వాలు ముక్కలు మధ్యలో వచ్చేలా చీర ముక్కలను పైన రెండు, కింద రెండు ఉంచి, ముందుగా మూల నుంచి మూలకు రెండు కుట్లు వేస్తే లోపలి పొరలు కదలవు. ఆ తర్వాత చుట్టూ రెండంగుళాల వెడల్పు పట్టీని మడిచి వేసి, ఒక మూలలో మేకుకు తగిలించడానికి వీలుగా చిన్న పట్టీ కుట్టాలి. ఇన్ని పొరలకు సన్నని 11వ నంబరు సూది విరగవచ్చు, లావైన 16వ నంబరు సూది వేసి కుట్టు పొడవు కొంచెం పెంచుకోవాలి. మిషను లేనివారు లావు సూదితో, రెండు పేటల దారంతో, బొంత కుట్టినట్టు చేతితోనే కుట్టుకోవచ్చు. నిజానికి అలా కుట్టినదే చేతికి మెత్తగా ఉంటుంది. తడి గుడ్డతో మాత్రం వేడి గిన్నెను ముట్టకూడదు. పొరల మధ్య గాలి ఉన్నంతసేపే ఆ గుడ్డ చేతిని కాపాడుతుంది, గాలి కంటే నీరు 20 రెట్లకు పైగా వేడిని చేరవేస్తుంది. అందువల్ల ఒకటి ఆరుతున్నప్పుడు ఇంకొకటి వాడుకోవడానికి ఎప్పుడూ జతగా కుట్టుకోవాలి.

రొట్టెల డబ్బా గుడ్డ ఇంకా సులువు. వేడి జొన్న రొట్టెలను గానీ చపాతీలను గానీ నేరుగా డబ్బాలో పెట్టి మూత వేస్తే ఆవిరి మూతకు పట్టి, చుక్కలుగా దిగి అన్నిటినీ తడిపేస్తుంది. 8 అంగుళాల డబ్బాకు 18 అంగుళాల చదరపు గుడ్డ అడుగున పరిచి, దాని నాలుగు మూలలూ రొట్టెల మీదకు మడిస్తే ఆ తడిని గుడ్డే పీల్చుకుంటుంది. ఇందుకు కొత్త గుడ్డ కొన్నట్లయితే ముందు ఉతికి, గంజి పోయాక కత్తిరించాలి. గంజి ఉన్న గుడ్డ నీళ్ళు సరిగా పీల్చదు, పైగా కుట్టిన తర్వాత ఉతికితే కుంచించుకుపోతుంది. ఆవకాయ జాడీ వాసెనకు, మూతి కొలత కంటే చుట్టూ మూడంగుళాలు ఎక్కువ ఉండేలా గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి, ఆ మడతలో నాడా దూర్చితే పురికొస కోసం వెతుక్కోనక్కర్లేదు. నాడా బదులు ఎలాస్టిక్ వేయాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ నూనె తగిలిన రబ్బరు త్వరగా పాడవుతుంది. ఆకుకూరలకు, పచ్చిమిరపకాయలకు వేర్వేరుగా నాడా సంచులు కుట్టుకుంటే రైతు బజారుకు తీసుకువెళ్ళినవే ఫ్రిజ్‌లోనూ పెట్టుకోవచ్చు. 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ క్యారీ సంచులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉన్నా కొత్తిమీర కట్ట ఇంకా వాటిలోనే ఇంటికి రావడం బాధ కలిగిస్తోంది.

భోజనాల బల్లకు వస్తే, అయిదున్నర మీటర్ల పొడవు, 45 అంగుళాల వెడల్పు ఉన్న ఒక నూలు చీరలో 15 అంగుళాల చదరపు ముక్కలు అడ్డంగా 3, నిలువుగా 14 చొప్పున మొత్తం 42 వస్తాయి. కుచ్చిళ్ళ కింద, మడమ తగిలే చోట నలిగిన భాగం తీసేసి, జరీ అంచు కూడా వదిలేసి లెక్కించినా ఇరవై రుమాళ్ళకు లోటుండదు. జరీ నీళ్ళు పీల్చదు, పెదవులకు గరుకుగా తగులుతుంది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న బల్లకు చుట్టూ 8 అంగుళాలు దిగేలా, అంచు మడతకు అంగుళం చొప్పున కలుపుకుని, 66 అంగుళాల పొడవు, 54 అంగుళాల వెడల్పు గుడ్డ కావాలి. చీర వెడల్పు అందుకు చాలదు కనుక అతుకు తప్పదు. ఆ అతుకును బల్ల మధ్యలోకి రానివ్వకుండా, నిండు వెడల్పు ముక్కను నడుమ ఉంచి అతుకుల్లో పోయే రెండంగుళాలతో సహా అటూ ఇటూ అయిదున్నర అంగుళాల పట్టీలు కలిపితే అది అతుకులా కాక అంచులా కనిపిస్తుంది.

శుభ్రత గురించి ఒక మాట. గిన్నెలు తుడిచే గుడ్డ, చేతులు తుడిచే గుడ్డ, గట్టు తుడిచే గుడ్డ వేర్వేరుగా ఉండాలి, మూడింటికీ మూడు రంగుల పట్టీలు వేస్తే ఇంట్లో ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు. రోజూ ఉతికి ఎండలో ఆరవేయాలి.

ఈ పని ఆడపిల్లలకే అన్నట్టు మీ పేజీలో రాయవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. మన ఊళ్ళలో మిషను ముందు కూర్చుని కుటుంబాలను పోషిస్తున్న దర్జీలలో మగవారు ఎందరో ఉన్నారు, అయినా ఇంట్లో ఊడిన గుండీ కుట్టమని మాత్రం ఎవరూ మగపిల్లవాడిని అడగరు. చేతిపని ద్వారా చదువు సాగాలని గాంధీజీ 1937లో వార్ధా విద్యా సమావేశంలో ప్రతిపాదించారు. 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి పనివారి దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. ఆ పది రోజుల్లో ఒకటి రెండు రోజులు వీధి చివరి దర్జీని బడికి పిలిచి, ప్రతి పిల్లవాడి చేత, పిల్ల చేత సూదిలో దారం ఎక్కించి ఒక రుమాలు అంచు కుట్టించడానికి బడికి పెద్ద ఖర్చు కాదు. దర్జీ దుకాణంలో రోజూ ఊడ్చి పారేసే నూలు ముక్కలే అందుకు సరిపోతాయి.

కాబట్టి వారానికి ఒక వస్తువు చొప్పున, ఏ గుడ్డ కావాలో, ఎన్ని అంగుళాలు కత్తిరించాలో, ఏ కుట్టు ముందు, ఏది తర్వాత వేయాలో ఒక గీత బొమ్మతో ప్రచురించమని ప్రార్థిస్తున్నాను. రంగుల ఫొటోల కంటే కొలతలు రాసిన గీత బొమ్మే నేర్చుకునేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది. మార్చి నెలలో వాసెనతో మొదలుపెడితే ఆవకాయలు పెట్టే వేళకు అందుతుంది. మీరు అంగీకరిస్తే, నేను మసిగుడ్డ, వాసెన, రొట్టెల గుడ్డ కుట్టి, కొలతల బొమ్మలతో సహా మీ కార్యాలయానికి పంపగలను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక పాఠకురాలు, తెనాలి