పెద్దవాళ్లకి నడక ఒక్కటే చెప్పి వదిలేస్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో పెద్ద వయసువాళ్ల కాళ్ల గురించి వచ్చిన ఆర్టికల్ చదివాను, పోనీలే అని ఊరుకుందామనుకున్నా గానీ మనసొప్పక రాస్తున్నా. అంత రాసి చివరికి తేల్చిందేంటంటే రోజూ నడవండి, మిగతాదంతా వయసు ప్రభావం అని. నడక మంచిదే, కాదని ఎవరన్నారు? కానీ కాళ్ల కండల్లో పవర్ తగ్గిపోవడం గురించి ఒక్క ముక్క లేదు!

బలం ఉండటం వేరండీ, ఆ బలం అవసరానికి చటుక్కున అందిరావడం వేరు, ఈ రెండోదాన్నే పవర్ అంటారు. కాలికి ఏదో తగిలి తూలినప్పుడు రెండో కాలు క్షణంలో ముందుకి పడాలి, అది పడకపోతే మనిషి పడతాడు. అంత వేగంగా పనిచేసే కండ పోగులే వయసుతో ఎక్కువ సన్నబడేది, అందుకే బలం కన్నా పవర్ ముందే తగ్గుతుంది, త్వరగా కూడా తగ్గుతుంది. మెల్లగా ఎంత నడిచినా ఆ పోగులకి పెద్దగా పని తగలదు. ఇక పడటమంటే చిన్న విషయమా, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా 6 లక్షల 84 వేల మంది కింద పడి చనిపోతున్నారు, వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. తుంటి విరిగి మంచం పట్టిన మనిషికి సేవ చేసినవాళ్లని అడగండి ఆ బాధేంటో.

పోనీ ముందుగా కనిపెట్టడం కష్టమా అంటే ఒక కుర్చీ, ఒక వాచీ చాలు. చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి నిలబడాలి. 15 సెకన్లు దాటితే కండ బలం తగ్గిందేమో అనుమానించాలని యూరప్ నిపుణులు 2019లో చెప్పారు, ఆసియా నిపుణులైతే అదే ఏడాది 12 సెకన్లకే జాగ్రత్తపడమన్నారు. ఎక్కడ చేస్తున్నారు ఈ టెస్టు? హెల్త్ క్యాంపు పెడతారు, బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, బ్యానర్ ముందు ఫోటోలు దిగుతారు, ఎదురుగా కూర్చున్న పెద్దాయన రెండు చేతులూ కుర్చీకి ఆన్చి ముందుకీ వెనక్కీ ఊగి మూడో ప్రయత్నానికి గానీ లేవలేకపోతుంటే మాత్రం ఒక్కరి కంటికీ ఆనదు. అడిగితే వయసైపోయింది కదమ్మా అంటారు, ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మా అమ్మ జ్వరంతో ఆసుపత్రిలో చేరినప్పుడు తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లింది. అక్కడున్నన్నాళ్లూ పడిపోతావమ్మా అంటూ మంచం దిగనివ్వలేదు. ఇంటికొచ్చాక బాత్రూంలో లేవాలంటే నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది, తొడలు వణికిపోయేవి. డిశ్చార్జి కాగితం నిండా మాత్రల పేర్లే, కింద మళ్లీ రెస్ట్ తీసుకోమని. 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని 10 రోజులు మంచానికే పరిమితం చేస్తే కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గింది, అలాంటిది జబ్బు మనిషి గతేంటి? ఫిజియోథెరపిస్టుని ఒక్కసారి పంపి మంచం పక్కన నాలుగు అడుగులు వేయిస్తే వాళ్ల సొమ్మేం పోయింది!

రోడ్ల సంగతీ ఇంతే. సిగ్నల్ దగ్గర పెద్దావిడ సగం దాటేసరికి హారన్లు మొదలు. ఇంగ్లండ్‌లో సెకనుకి 1.2 మీటర్లు నడుస్తారనే లెక్కతో సిగ్నళ్లు పెడితే, 65 దాటినవాళ్లలో చాలామంది అంత వేగం నడవలేరని 2012లో బయటపడింది. బస్సు మెట్లు చూడండి, పట్టుకోడానికి చేతులు లేని బెంచీలు చూడండి, ఇవన్నీ డిజైన్ చేసేవాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లు లేరా? సీనియర్ సిటిజన్ల దినోత్సవం రోజు శాలువా కప్పడానికి మాత్రం అందరూ వస్తారు.

పోయిన బలం మళ్లీ రాదనుకుంటే అదీ తప్పే. 1990లోనే సగటున 90 ఏళ్లున్న వృద్ధాశ్రమం వాళ్లతో 8 వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయిస్తే వాళ్ల బలం రెట్టింపు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో పెద్దవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలని చెప్పింది. మా అమ్మకి ఆ తర్వాత వేరేచోట ఫిజియో ఆయన నేర్పింది కూడా ఎంతో సులువు, కుర్చీ గోడకి ఆనించి, లేచేటప్పుడు వీలైనంత చురుగ్గా, కూర్చునేటప్పుడు మెల్లగా. ఇప్పుడు నా భుజం అవసరం లేకుండానే లేస్తోంది.

కాబట్టి సంపాదకుడు గారూ, ఆ ఆర్టికల్‌కి రెండో భాగం వేయించండి. కుర్చీ టెస్టు బొమ్మలతో సహా, పెద్ద అక్షరాల్లో వేయండి. టైమ్ ఎక్కువ పడితే ఎవరికి చూపించుకోవాలో, గుండె జబ్బో మోకాలి ఆపరేషనో ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదని కూడా రాయించండి. అలాగే ఆరోగ్య శాఖ అధికారుల్ని మీ విలేకరి చేత అడిగించండి, వచ్చే క్యాంపులో బీపీ మిషను పక్కన ఒక కుర్చీ వేయడానికి వాళ్లకున్న అడ్డేంటో, వాళ్లేం చెప్తే అది అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు