వార్షిక నివేదిక 2024–25: కూరగాయల బండ్లు, వాటిని నడిపిన మన పిల్లలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. కంటి పరీక్షల క్యాంపు, బతుకమ్మ ఏర్పాట్లు, టెన్త్ పిల్లలకు సాయంత్రం ట్యూషన్ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు విడిగా పంపిన లెక్కల పత్రంలో ఉన్నాయి. ఈసారి ఎక్కువ చెప్పాల్సింది కూరగాయల బండ్ల గురించే. సభ్యులు ఎక్కువగా అడిగిందీ, కార్యవర్గంలో ఎక్కువ వాదన జరిగిందీ వాటి మీదే.

వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఆ చుట్టుపక్కల వాడల్లో మిగిలింది హమాలీ పని, ఆటో, బీడీలు, అడ్డా కూలీ. ఇంటర్‌తోనో డిగ్రీ మధ్యలోనో చదువు ఆపేసిన పిల్లలు షాపులో పని అడిగితే ముందు వినిపించే మాట "ఇదివరకు ఎక్కడన్నా చేసినవా?" ఆ మాటకు వాళ్ల దగ్గర ఒక జవాబుండాలని ఈ బండ్లు పెట్టాం. గీసుకొండ మండలంలో సభ్యుడొకరు వాడుకోమన్న జాగలో ఆకుకూరలు పిల్లలే వేస్తారు. బెండ, బీర, ఆనిగెపుకాయ పక్క రైతుల దగ్గర కొంటారు. సాయంత్రం వాడల్లో రెండు బండ్ల మీద అమ్ముతారు. రైతుబజార్లు 1999 నుంచీ ఉన్నాయి, నిజమే. కానీ పావుకిలో పచ్చిమిర్చి, రెండు కట్టల పాలకూర కోసం హన్మకొండ దాకా రానుపోను ఆటో పెట్టుకుంటే కూరకంటే కిరాయే ఎక్కువ.

ఇది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో బోస్టన్ ప్రాంతంలో ద ఫుడ్ ప్రాజెక్ట్ అనే సంస్థ 1991 నుంచి టీనేజీ పిల్లలతో పొలం పని చేయించి, పండిన కూరగాయల్ని నగరంలోని పేద వాడలకు చేరుస్తోంది. పనిచేసినందుకు పిల్లలకు డబ్బు ఇస్తుంది. మనం అక్కడి నుంచి తీసుకున్నది ఆ చివరి ముక్కే. "నేర్పుతున్నది మనమైతే డబ్బులు కూడా మనమే ఇయ్యాల్నా?" అని కార్యవర్గంలో గట్టిగానే అడిగారు. ఇవ్వాలి. సాయంత్రం మూటలు మోస్తే ఇంటికి నాలుగు రూపాయలు తేగలిగే పిల్లవాడిని ఊరికే నిలబెట్టి "అనుభవం వస్తది" అంటే ఎన్నాళ్లు వస్తాడు?

పద్నాలుగు నిండనివాళ్లను తీసుకోలేదు. దీని మీద ఇద్దరు ముగ్గురు తల్లులు అలిగారు. వీధి వ్యాపారుల చట్టం (2014) ఆ వయసు నిండినవాళ్లకే అమ్ముకునే సర్టిఫికెట్ ఇస్తుంది. బాల కార్మిక చట్టం కూడా అక్కడే గీత గీసింది. ఈ విషయంలో మొహమాటం కుదరదు.

సెప్టెంబర్ 1 నాటి వానలకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. మన మడులు కూడా మునిగాయి. పుంటికూర ఒక్కటే నిలబడింది. బండి ఖాళీగా పెట్టొద్దని పిల్లలు లక్ష్మీపురం మార్కెట్ నుంచి టమాటా తెచ్చారు. కిలోకు రెండు రూపాయలు మిగుల్తాయని లెక్కేశారు. ఆటో కిరాయి, అడుగున మెత్తబడ్డ కాయలు, కవర్లు బుక్కులో రాశాక లాభం గడి ఖాళీగా కనబడింది. ఆ రోజు నుంచి బుక్కులో ‘పోయిన సరుకు’ అని ఒక గడి కొత్తగా చేరింది. గీసింది పిల్లలే.

అన్నిటికంటే చెప్పుకోవాల్సింది ఆకుకూర ధర సంగతి. ఇంటర్ రెండో ఏడు చదివే అమ్మాయి ఒక బండి చూస్తుంది. పొద్దుగూకితే పాలకూర వాడిపోతుందని ఆరు దాటాక పది రూపాయల కట్టను ఐదుకే ఇచ్చేది. వారం తిరిగేసరికి గిరాకీ అంతా ఆరింటికే రావడం మొదలైంది. ఐదింటప్పుడు బండి దగ్గర ఈగలే. "అమ్మలు నిలబడి టైం చూసుకుంటున్నరు సార్" అంది. ధర మళ్లీ పెంచుదామని మాలో ఒకరు సలహా ఇచ్చారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. మరునాటి నుంచి కట్టలే తక్కువ తెచ్చింది. ఆరుకల్లా బండి ఖాళీ అయ్యేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లారు, తర్వాత ముందే రాసాగారు. ఏ ట్రైనింగ్ క్లాసులోనూ ఇది చెప్పరు. అందుకే ధర నిర్ణయం పూర్తిగా బండి నడిపేవాళ్లకే వదిలేశాం, మేం వేలు పెట్టడం లేదు.

మిర్చి సీజన్లో పిల్లల్ని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లాం. వాళ్లలో కొందరి నాన్నలు అక్కడే హమాలీలు, అయినా వేలంపాట దగ్గరుండి చూసింది లేదు. జెండా పాటలో పలికిన ధర విని సంబరపడ్డారు. తర్వాత పక్క కుప్పలకు అడ్తిదారుల దగ్గర అంతకంటే తక్కువ పడుతుంటే ఒకబ్బాయి "మరి జెండా ధర ఎవరికి సార్?" అన్నాడు. మేలురకం సరుకుకు పలికే ధర అది అని ఒక రైతే తాలుకాయ (రంగు పోయిన నాసి మిరపకాయ) ఏరి చూపించి చెప్పాడు.

అక్కడి నుంచే చపాటా మిర్చి తేవాలన్న ఆలోచన వచ్చింది. టమాటాలా గుండ్రంగా, మంచి ఎరుపుతో, కారం తక్కువగా ఉండే ఈ రకానికి 2025లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. పచ్చళ్ల కోసం అడిగేవాళ్లకు ఈ రకం గురించి పిల్లలు ఇప్పుడు తడుముకోకుండా చెబుతున్నారు.

కాంటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు ప్రకారం వేయించాలి, ఈ ఏడాది వేయించాం. క్యూఆర్ కోడ్ డబ్బు సంఘం ఖాతాకే వస్తుంది. రాత్రి చిట్టాతో సరిచూసే బాధ్యత వంతులవారీగా పిల్లలదే.

సభ్యులకు ఒక మనవి. "మన సంఘం బండే కదా" అని ఉద్దెర పెట్టొద్దు. అడగడానికి పిల్లలు జంకుతారు, రాత్రి లెక్క తేలక టెన్షన్ పడతారు. కొసరు కూడా వాళ్లిస్తే తీసుకోండి, చెయ్యి పెట్టి తీసుకోవద్దు. షాపులున్న సభ్యులు పని ఖాళీ ఉంటే ముందుగా మాకు చెప్పండి. ఏడాది చేసినవాళ్లకు ఏమేం చేశారో రాసి సంఘం తరఫున ఉత్తరం ఇస్తున్నాం.

మూడో బండి పెట్టాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. కార్యవర్గంలో ఎక్కువమంది పెట్టాలనే అన్నారు. నా మట్టుకు ముందు ఉన్న రెండింటికీ పైన నీడ వేయించాలి. ఎండాకాలం తడి గోనెసంచి కప్పినా కొత్తిమీర గంట కూడా ఆగడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి